తప్పు కాలిది కాదు, చెప్పుది

నేను నాలుగో తరగతి దాకా చదివిన మనిషిని. రాసే అలవాటు తక్కువ. అయినా కాళ్ల గురించి, చెప్పుల గురించి నాలుగు మాటలు రాయాలని చాలా రోజులుగా ఉంది.

18 ఏండ్లకు షోలాపూర్‌లో మిల్లులో చేరిన. సాళ్ ఖాతాలో పని. భోంగా కూసిన కాడినుంచి పాళీ అయిపోయేదాకా నిలబడుడే. సాంచెల నడుమ అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. నూనె పడ్డ బండల మీద చెప్పు జారుతదని చాలామందిమి ఒట్టి కాళ్లతోనే తిరిగేది. మిల్లు మూతపడ్డంక తువ్వాళ్ల కార్ఖానాలో పవర్‌లూమ్ మీద ఇంకో ఇరవై ఏండ్లు. అక్కడా అంతే. అట్ల నిలబడి నిలబడి పాదం ముందుభాగం చాటలెక్క పరుచుకున్నది. కుడికాలి బొటనవేలు పక్కవేలి మీదికి ఒరిగింది. దాని మొదట్ల ఎముక బయటికి పొడుచుకొచ్చింది. ఎడమకాలు కొంచెం చిన్నది.

ఇసొంటి కాళ్లతో దుకాణానికి పోతే ఏమైతదో మీకు తెలుసు. 7 నంబరు వేస్తే పక్కలు నొక్కుతయి. 9 వేస్తే పక్కలకు సరిపోతది గానీ మడిమ ఊగుతది. బిడ్డ పెండ్లికి బూట్లు కొనబోతే దుకాణంల పిల్లగాడు, “కాకా, బూటు మంచిగనే ఉంది, నీ కాలే అట్లుంది” అన్నడు. నేనూ నిజమే అనుకున్న. ఆ బూట్లు అప్పగింతల దాకా కూడా ఉంచుకోలేక కుర్చీ కింద విడిచిన.

తప్పు నా కాలిది కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. బూటు మీద రాసే నంబరు పొడుగుది. వెడల్పు సంగతి మన దుకాణాల్లో ఎవరూ అడగరు. పైగా ఆ నంబర్లు ఇంగ్లండు లెక్కవి. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థవాళ్లు 2021 చివరనుంచి 2022 దాకా దేశమంతా తిరిగి లక్షమందికి పైగా మనుషుల పాదాలు కొలిచిన్రు. మన దేశపోళ్ల పాదాలు వెడల్పని తేలింది. అందుకే మనకు వేరే కొలతలు కావాలని ‘భ’ అనే పేరుతో కొత్త నంబర్లు తయారుచేసిన్రు. మనుమడు పేపర్ల చదివి వినిపిస్తే నాకు ఆ దుకాణం పిల్లగాడు యాదికొచ్చిండు.

ఇక అసలు సంగతి. నాకు పదేండ్లనుంచి షుగర్ ఉంది. మూడేండ్ల కింద ఒకరోజు మా ఆమె బండ మీద ఎర్ర మరకలు చూసి, “ఏం తొక్కినవయ్యా?” అన్నది. నేనేం తొక్కలే. కాలు ఎత్తి చూస్తే ఆ పొడుచుకొచ్చిన ఎముక కాడ చెప్పు పట్టీ కోసుకొని పుండు పడ్డది. నాకు నొప్పే తెలవలే.

దవాఖానాల డాక్టరమ్మ సన్నని నైలాన్ పోగు ఒకటి పట్టుకొని, “కళ్లు మూసుకో కాకా, తగిలినప్పుడల్లా చెప్పు” అన్నది. నేను కళ్లు మూసుకొని కూసున్న. ఎంతసేపటికీ తగల్లే. “ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?” అంటే, “ఎనిమిదిసార్లు పెట్టిన” అన్నది. పోగు తెగితే వేలి కొసతో పట్టేసినోణ్ని, అరికాలికి ఆనిన పోగు తెలవలే. ఆ రోజు భయమేసింది. ఇంకో వారం ఆలస్యమైతే వేలు తీసేసేటోళ్లట. రెండు నెలలు కట్లు కట్టించుకున్న.

ఆమే చెప్పింది, ఎంసీఆర్ అనే మెత్తని రబ్బరు అడుగు వేసిన చెప్పులు తొడగమని. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల కాళ్లకు వైద్యం చేసేటప్పుడు ఒక సంగతి కనిపెట్టిండట. పుండ్లు చాలావరకు రోగంతో పడేవి కావు, నొప్పి తెలవక నడిచి నడిచి పడేవి. అట్ల తిమ్మిరి పట్టిన కాళ్ల కోసమే అక్కడ ఈ చెప్పుల పని పెరిగింది. ఇప్పుడు షుగరోళ్లకు కూడా ఇవే.

మా గల్లీ మలుపు కాడ చెప్పులు కుట్టే దాదా నాకు ఆ రబ్బరు తెప్పించి కుట్టిండు. సాయంత్రం రమ్మన్నడు, ఎందుకంటే పొద్దంతా తిరిగిన కాలు సాయంత్రానికి ఉబ్బుతది. కాగితం మీద నిలబెట్టి రెండు కాళ్లకూ వేరువేరుగా గీత గీసిండు. ఎముక ఉన్నకాడ చుక్క పెట్టి, అక్కడ పట్టీ రాకుండ చేసిండు. మడిమ వెనక పట్టీ పెట్టిండు, తిమ్మిరి కాలికి చెప్పు జారినా తెలవదు కదా. బజారు బూట్ల ధరలో సగమే అయింది.

చాలామంది కొల్హాపురి మంచిది కదా అంటరు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిన ఎనిమిది జిల్లాల్లో మన షోలాపూర్ కూడా ఉంది. తోలు కాబట్టి తొడుగుతుంటే కాలికి తగ్గట్టు సాగుతది, వెడల్పు కాలికి మంచిదే. కానీ కొత్తగా ఉన్నప్పుడు గట్టిగ ఉంటది, బొటనవేలి ఉంగరం ఒరుసుకుంటది. తిమ్మిరి ఉన్నోళ్లు తొడగకండి.

కుట్టించే వీలు లేనోళ్లు ఇట్ల చేయండి. ఇంట్లనే కాగితం మీద నిలబడి పాదం గీసి, కత్తిరించి దుకాణానికి తీసుకపోండి. బూటు లోపల ఆ కాగితం పెడితే అంచులు మడతపడొద్దు. మడతపడితే ఆ బూటు వద్దనండి, దుకాణపాయన ఏమన్నా సరే. పెద్దకాలికి సరిపోయేదే కొనండి, చిన్నకాలికి లోపల మెత్తని ముక్క వేసుకోవచ్చు. నిలబడి చూస్తే పొడుగువేలి ముందర బొటనవేలు వెడల్పంత జాగా ఉండాలె. “తొడగంగ తొడగంగ సాగుతది” అనే మాట నమ్మకండి. రోజూ తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. రాత్రి పండుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. కంటికి ఆనకపోతే ఇంట్లోళ్లను చూడమనండి, అందుల సిగ్గుపడేదేం లేదు.

పుండు పడ్డ ఏడు శ్రావణ పున్నమికి మార్కండేయ రథం పోతుంటే నేను ఇంటి గడపలో కూసొని డప్పు చప్పుడు విన్న. మొన్నటి పున్నమికి దాదా కుట్టిన చెప్పులు తొడుక్కొని రథం వెంట చివరిదాకా నడిచిన. దేవుని ముందర చెప్పులేందని ఒక పెద్దమనిషి అడిగిండు. కాళ్లు ఉంటేనే కదన్నా వచ్చే ఏడు మళ్ల నడిచేది అన్న.