నట్టల మందు - దాని శక్తి, దాని హద్దు

మాంసమునకై పశువులను పెంచెడి దేశములలో పశువు బరువే రైతునకు పంట. మేత సమృద్ధిగా నున్నను పశువు బరువు పెరుగకున్నచో, కడుపులో నట్టలున్నవేమోయని అనుమానింపవలెను. పశువును చంపు నట్టలకంటె, చంపక కృశింపజేయునవే మొత్తముమీద హెచ్చు నష్టము కలిగించును. వీనిని చంపగల మందులు ఇరువదవ శతాబ్దిలో లభించినవి. కాని వానిని వాడుటలో ఒక మెలకువ కలదు. అది తెలియనిచో మందు మిగులునుగాని దాని గుణము మిగులదు.

పచ్చికనుండి కడుపులోనికి

సమశీతోష్ణ దేశముల పశువులకు ఆస్టర్టేజియా అను నట్ట ముఖ్య శత్రువు. దారపు పోగువలె సన్నగా నుండి, ఒక సెంటీమీటరు పొడవైనను ఉండదు. దీని గ్రుడ్లు పేడతో బయటపడును. పేడలోనే డింభకములు పుట్టి, పెరిగి, తేమ తగిలినపుడు పచ్చికపైకి చేరును. మేతతో లోనికి పోయి, పశువుయొక్క నాల్గవ జీర్ణాశయపు గోడలోని గ్రంథులలో దాగి పెరుగును. సుమారు మూడు వారములలో వెలికి వచ్చి గ్రుడ్లు పెట్టనారంభించును.

ఆ గ్రంథులు హైడ్రోక్లోరికామ్లమును స్రవించునట్టివి. నట్టలు వెలికి వచ్చునపుడు అవి చెడిపోయి ఆమ్లము తగ్గును. ఆమ్లము లేనిదే మాంసకృత్తులను జీర్ణింపజేయు పెప్సిన్ ఏర్పడదు. అందుచే పశువునకు ఆకలి మందగించును, పారుడు పట్టును, తిన్నది ఒంటబట్టదు.

చలిదేశములలో శీతకాలమునకు ముందు లోనికి పోయిన డింభకములు పెరుగుట మాని, గ్రంథులలోనే నెలల తరబడి నిద్రించినట్లుండును. చలి తగ్గునపుడు వేలకొలదిగా ఒక్కమారే మేల్కొని జీర్ణాశయపు గోడను పాడుచేయును. అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఇవి చలిని గాక వేసవి యెండలను ఇట్లు తప్పించుకొనును.

మందులు పనిచేయు తీరు

1961లో వెలువడిన థయాబెండజోల్ తెగ మందులు నట్ట కణములలోని ట్యూబ్యులిన్ అను మాంసకృత్తును పట్టుకొనును. కణమునకు ఆవశ్యకమైన సూక్ష్మనాళికలు ఏర్పడక, పురుగు ఆహారమును గ్రహింపలేక చచ్చును. లెవమిసోల్ పురుగు కండరములను బిగదీసి పక్షవాతము కలిగించును. పట్టు దప్పిన పురుగు పేడతో కొట్టుకొనిపోవును.

మూడవ తెగకు చెందినది ఐవర్‌మెక్టిన్. జపానులో సతోషి ఒమురా సేకరించిన మట్టియందలి ఒక సూక్ష్మజీవి దీనికి మూలము. అమెరికాలో విలియం కాంబెల్ మున్నగువారి కృషిచే అది మందై, 1981లో పశువైద్యమున ప్రవేశించినది. 2015లో వీరిరువురును నోబెల్ బహుమానమున పాలుపంచుకొనిరి. కిలోగ్రాము బరువునకు 0.2 మిల్లీగ్రాముల సూదిమందు చాలును. అనగా 300 కిలోల పశువునకు 60 మిల్లీగ్రాములు. ఇది నట్టల నరములలోను కండరములలోను గల కొన్ని క్లోరైడు ద్వారములను మూసుకొననీయక పురుగును చచ్చుబడజేయును. అట్టి ద్వారములు పశువులకు లేవు. నిద్రించు డింభకములు సయితము దీనికి లొంగును.

లొంగని పురుగులు

మందు సులభముగా దొరకుటచే, అవసరముతో పనిలేక మంద మొత్తమునకు పలుమార్లు ఇచ్చు వాడుక ప్రబలెను. 1964 నాటికే గొఱ్ఱెలలో థయాబెండజోల్‌కు లొంగని నట్టలు కనుపించెను. పిమ్మట న్యూజిలాండు, బ్రెజిలు, అర్జెంటీనా దేశముల పశువులలో ఐవర్‌మెక్టిన్‌కు లొంగని కూపేరియా నట్టలు బయలుదేరెను.

కారణము సులభము. వేయి పురుగులలో పది లొంగనివనుకొందము. మందు పడిన పిమ్మట ఆ పదియే మిగిలి గ్రుడ్లు పెట్టును. పచ్చికపై మందు తగులని డింభకములు లక్షలుగా నున్నచో, ఈ పదింటి సంతానము వానిలో కలసి పలుచబడును. మందు పోసి వెంటనే పురుగులేని క్రొత్త పచ్చికకు తోలినచో, అచ్చట చేరునది లొంగనివాని సంతానమే. మంచిదని చేసిన పని ఇట్లు చెడుగా పరిణమించును. కొన్ని నట్టలను మందు తాకకుండ విడుచుటయే మందును కాపాడుట.

పాటింపవలసినవి

మొదటి ఏడు మేతకు పోవు దూడలకు మందు ముఖ్యము. ఎదిగిన పశువులు చాలవరకు నట్టలను తట్టుకొను శక్తిని సంపాదించుకొనును. ఆరోగ్యముగా నున్నవానిలో కొన్నింటికి మందు మానవచ్చును. బరువు తూచి మోతాదు నిర్ణయింపవలెను. చాలని మోతాదు సగము లొంగు పురుగులను బ్రదికించును. మందిచ్చిన నాడును, 14 దినముల పిమ్మటను పేడలోని గ్రుడ్లను లెక్కింపవలెను. నూటికి 95 పాళ్లయినను తగ్గకున్నచో మందు గుణము సన్నగిల్లినదని అనుమానింపవలెను. మందిచ్చిన పశువును గడువు తీరకుండ వధింపరాదు. అమెరికాలో ఐవర్‌మెక్టిన్ సూదిమందునకు ఈ గడువు 35 దినములు. ఈ మందు పేడతో బయటపడి, పేడను మట్టిలో కలుపు పురుగులకును హాని చేయును. అనవసరముగా వాడకుండుటకు ఇదియు నొక కారణము.

తెలుగునాట గొఱ్ఱెలకు, మేకలకు పోయు నట్టల మందునకును ఇదియే న్యాయము. మందు పోయుటకు ముందు పేడను పరీక్షింపజేసి, పశువైద్యుని సలహాపై మందును, మోతాదును నిర్ణయించుకొనుట శ్రేయస్కరము.