ఇంట్లో రికార్డింగ్ కంప్యూటర్‌కి ఏ ప్రాసెసర్ తీసుకోవాలి? ఐ7 అనే పేరుకి డబ్బులు పోయకండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే, కౌంటర్ వెనకాల నుంచి సాధారణంగా వచ్చే మొదటి ప్రశ్న ఇది: "గేమింగ్ కే లియే హై భాయ్, యా ఆఫీస్ కే లియే?" గుంటూరులో అడిగినా, కర్నూలులో అడిగినా ఇదే ప్రశ్న, భాష ఒక్కటే తేడా. గేమింగ్ అంటే గ్రాఫిక్స్ కార్డు, లైట్లు వెలిగే ఫ్యాన్లు కలిపి పెద్ద కొటేషన్ వస్తుంది. ఆఫీస్ అంటే ఏదో ఒక కంపెనీ వాడి వదిలేసిన పాత డబ్బా చూపిస్తారు. పాట రికార్డ్ చేసుకోవడానికి అంటే మాత్రం షాపువాళ్ళు ఒక్క క్షణం ఆగి, "అయితే ఐ7 తీసుకోండి, ఏ టెన్షన్ ఉండదు" అనేస్తారు.

ఈ అవసరం ఇప్పుడు చాలా ఇళ్ళలో వస్తోంది. పిల్లాడి గొంతు బాగుంటుంది, నాత్ చదువుతాడు, ఫోన్‌లో రికార్డ్ చేసి పెడితే గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా కలిసి వినిపిస్తుంది. ప్రతిసారీ స్టూడియోకి గంటల లెక్కన కట్టే కన్నా ఇంట్లోనే సెటప్ పెట్టుకుందాం అనుకుంటారు. అబ్బా 40 వేలో 50 వేలో కూడబెట్టి ఇస్తారు. ఆ డబ్బుతో తప్పు మెషీన్ కొంటే ఏడాదిలో మళ్ళీ కొనే స్తోమత మధ్యతరగతి ఇంట్లో ఉండదు. అందుకే కొనే ముందు, శబ్దం విషయంలో ప్రాసెసర్ అసలు ఏం పని చేస్తుందో కాస్త తెలుసుకోవాలి.

చిటపట ఎందుకు వస్తుంది

మైకులోకి వెళ్ళిన గొంతుని కంప్యూటర్ సెకనుకి 48,000 ముక్కలుగా కొలుస్తుంది. సీడీ లెక్క అయితే 44,100. ఈ ముక్కల్ని ఒక్కొక్కటిగా కాకుండా చిన్న చిన్న మూటలుగా కట్టి ప్రాసెసర్‌కి ఇస్తుంది. ఆ మూటనే బఫర్ అంటారు. మూటలో 128 ముక్కలు ఉంటే, ప్రాసెసర్‌కి దొరికే టైమ్ సుమారు 2.7 మిల్లీ సెకన్లు. ఆ లోపల పని పూర్తి చేసి ఇవ్వాలి, ఎందుకంటే వెనకాలే ఇంకో మూట వచ్చేస్తుంది. ఒక్కసారి లేటైతే హెడ్‌ఫోన్‌లో "చిట్" మంటుంది. పదిసార్లు లేటైతే పాటంతా చిటపటే.

ఫొటోలు ఎడిట్ చేసేటప్పుడు కంప్యూటర్ ఒక సెకను ఆలోచిస్తే ఎవరికీ నష్టం లేదు. పాటలో ఆ వెసులుబాటు లేదు. అందుకని సగటున ఎంత వేగం అన్నదాని కన్నా, ప్రతి మూటనీ టైముకి ఇస్తోందా లేదా అన్నదే ముఖ్యం.

మరి మూటని పెద్దది చేస్తే? 512 పెడితే 10.7 మిల్లీ సెకన్లు, 1024 పెడితే 21 మిల్లీ సెకన్ల పైన టైమ్ దొరుకుతుంది. ప్రాసెసర్ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. కానీ శబ్దం లోపలికి వెళ్ళడానికి ఒక మూట, బయటికి రావడానికి ఇంకో మూట కాబట్టి ఆలస్యం రెట్టింపవుతుంది. పాడేవాడికి తన గొంతు తనకే వెనకాల నుంచి వినిపిస్తుంది. అలా పాడటం చాలా కష్టం, తాళం తప్పుతుంది.

కోర్లు ఎక్కువైతే సరిపోతుందా

సరిపోదు. షాపుల్లో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే.

వలీమాలో దస్తర్‌ఖాన్ మీద ప్లేట్లు చేతి నుంచి చేతికి అందించడం అందరూ చూసే ఉంటారు. వరసలో ఒక్కరు నెమ్మదిగా ఉన్నా ఆ వరస మొత్తం ఆగుతుంది. పక్క వరసలో ఇంకో పదిమందిని నిలబెట్టినా ఈ వరసకి వచ్చే లాభం ఏమీ లేదు. పాటలో ఒక ట్రాక్ కూడా అలాంటి వరసే. గొంతు ముందు గదిలో చప్పుడు తీసేసే ప్లగిన్‌లోకి వెళ్తుంది, దాని నుంచి ఈక్వలైజర్‌కి, తర్వాత కంప్రెసర్‌కి, చివరికి ఎకోకి. ముందుది ముగిస్తేనే తర్వాతది మొదలుపెట్టగలదు. అందువల్ల ఒక ట్రాక్ పనంతా మామూలుగా ఒకే కోర్ మీద పడుతుంది. ట్రాక్‌లన్నీ చివర కలిసే మాస్టర్ దగ్గరా ఇదే కథ.

వేరే వేరే ట్రాక్‌లని మాత్రం వేరే వేరే కోర్లకి పంచవచ్చు. కాబట్టి వరస ఇది: ముందు ఒక్కో కోర్ వేగంగా ఉండాలి, ఆ తర్వాత కోర్లు తగినన్ని ఉండాలి. ఇంటి సెటప్‌కి ఆరు మంచి కోర్లు ధారాళం. నాలుగుతో కూడా పని నడుస్తుంది.

ఇంకో మాట. నాత్, హమ్ద్ లాంటి వాటిలో ఎక్కువగా ఉండేది గొంతులే, మహా అయితే ఒక దఫ్. పదిహేను, ఇరవై గొంతు ట్రాక్‌లు ఇవాళ్టి చిన్న ప్రాసెసర్‌కి పెద్ద బరువు కాదు. మన దగ్గర ఎకో కాస్త ధారాళంగానే పోస్తారు, అయినా ఒకే ఎకోని అన్ని గొంతులకీ కలిపి వాడితే ఆ భారం కూడా తగ్గుతుంది. సినిమా పాటల్లా వయొలిన్లు, తబలా, కీబోర్డు అన్నీ కంప్యూటర్ లోపలే వాయించాలనుకునేవాళ్ళకి మాత్రం ప్రాసెసర్, ర్యామ్ రెండూ గట్టిగా ఉండాలి.

ఆ బరువుని కూడా పైసా ఖర్చు లేకుండా తగ్గించే దారులు రెండున్నాయి. ఒకటి, ఆడియో ఇంటర్‌ఫేస్‌లో ఉండే డైరెక్ట్ మానిటరింగ్. అందులో పాడేవాడి గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళి రాకుండానే నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. ఆలస్యం సమస్యే ఉండదు, మూట ఎంత పెద్దది పెట్టినా ఫరవాలేదు. ఆ హెడ్‌ఫోన్‌లో ఎకో మాత్రం వినిపించదు, పొడి గొంతు వింటూ పాడటం అలవాటు చేసుకోవాలి. రెండోది ఫ్రీజ్. పని అయిపోయిన ట్రాక్‌ని సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీజ్ చేస్తే దాని ప్లగిన్ల భారం ప్రాసెసర్ మీద నుంచి దిగిపోతుంది. రీపర్, క్యూబేస్, ఏబుల్టన్ లైవ్ అన్నిట్లో ఈ సౌకర్యం ఉంది. ఈ రెండూ తెలిసినవాడు చిన్న ప్రాసెసర్‌తో చేసే పని, తెలియనివాడు ఐ7తో కూడా చేయలేడు.

ఇక పేర్లలోకి వద్దాం

డెస్క్‌టాప్‌లో ఇంటెల్ కోర్ ఐ5-12400 ఈ పనికి సరిగ్గా అతికినట్టు ఉంటుంది. 2022 జనవరిలో వచ్చింది. ఆరు కోర్లు, ఆరూ పెద్దవే. కొత్త ఇంటెల్ ప్రాసెసర్లు చాలావాటిలో కొన్ని పెద్ద కోర్లు, కొన్ని చిన్న కోర్లు కలిసి ఉంటాయి. పాట పని చిన్న కోర్ మీద పడితే ఒక్కోసారి ఇబ్బంది వస్తుంది, ఇందులో ఆ గొడవ లేదు. పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు, తెర మీద బొమ్మ రావాలంటే విడిగా కార్డు కొనాలి. ఎఫ్ మోడల్ కాస్త చవక అని తీసుకుని, దానికోసం ఇంకో కార్డు కొంటే పొదుపు ఎక్కడిది? పాటకి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు.

బడ్జెట్ ఇంకా బిగుతుగా ఉంటే ఐ3-12100. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఐ3 అని చిన్నచూపు చూడక్కర్లేదు. రీఫర్బిష్డ్ షాపుల్లో ఇప్పటికీ గర్వంగా చూపించే ఐ7-4770 2013 నాటిది. దాంట్లోనూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే, ఒక్కో కోర్ వేగంలో ఈ ఐ3 దాన్ని తేలిగ్గా దాటిపోతుంది. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే తరం లోపల హోదాలు మాత్రమే. తరం చెప్పకుండా ఐ7 అంటే ఏ సంవత్సరం మోడలో చెప్పకుండా కారు అమ్మినట్టు.

ఏఎండీ వైపు రైజెన్ 5 5600జీ ఉంది. జీ అంటే గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయని. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. జీ లేని 5600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంటే ఇందులో 16 ఎంబీయే, అందుకని కాస్త వెనకబడుతుంది, కానీ కార్డు ఖర్చు మిగులుతుంది. ఇంకొంచెం పెట్టగలిగితే రైజెన్ 5 7600 బాగుంటుంది, తెర నడిపేంత గ్రాఫిక్స్ అందులోనే ఉన్నాయి, రేపు పెద్ద ప్రాసెసర్ వేసుకోవాలన్నా అదే బోర్డు పనికొస్తుంది. చిక్కల్లా దానికి డీడీఆర్5 ర్యామే వేయాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి, ప్రాసెసర్ రేటు ఒక్కటే చూడకుండా ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి ఎంతవుతుందో అడగాలి. ఇంట్లో పాత డీడీఆర్4 ర్యామ్ పడి ఉంటే 12400కి డీడీఆర్4 బోర్డు దొరుకుతుంది, అక్కడ మంచి ఆదా.

కే అక్షరం ఉన్న ఖరీదైన మోడళ్ళ జోలికి వెళ్ళకపోవడమే మంచిది. వాటి బేస్ పవరే 125 వాట్లు, 12400ది 65. ఎక్కువ వేడి అంటే ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, మైకు ఉన్నది అదే గదిలో. మే నెల ఎండలో సీలింగ్ ఫ్యాన్ ఆపి రికార్డ్ చేస్తుంటే సీపీయూ ఫ్యాన్ చప్పుడు గొంతు వెనకాల స్పష్టంగా పడుతుంది.

దుబాయ్ నుంచి మామూ తెచ్చే ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్‌లో మోసపోవడం ఇంకా తేలిక. ఐ7-1255యూ అని రాసి ఉంటుంది, పది కోర్లు అంటారు. నిజమే, కానీ అందులో పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. దాని తమ్ముడు ఐ5-1235యూలో కూడా అంతే, రెండు, ఎనిమిది. అంటే ఐ7 పేరుకి ఇచ్చిన అదనపు డబ్బుకి పెద్దగా దక్కేది లేదు. యూ అంటే బ్యాటరీ ఎక్కువ రావాలని శక్తి తగ్గించి చేసినవి. హెచ్ అక్షరం ఉన్నవి పాటకి నయం. ఐ5-12450హెచ్‌లో పెద్ద కోర్లు నాలుగు.

ఏఎండీలో ఇంకో మెలిక ఉంది. రైజెన్ 5 7520యూ అని చూసి 7000 సిరీస్, కొత్తది అనుకుంటారు. లోపల ఉన్నది జెన్ 2, అంటే 2019లో మొదలైన డిజైన్, నాలుగు కోర్లు. ఆ వరసలో మూడో అంకె చూడాలి. 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4.

కాబట్టి గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి "మంచి ల్యాప్‌టాప్ తీసుకురండి" అని చెప్పి ఊరుకోకూడదు. పూర్తి మోడల్ నంబర్ వాట్సాప్‌లో పంపాలి, ఆ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో అక్కడే అడిగించాలి.

పాతది కొనాలంటే

కొనవచ్చు, తప్పేం లేదు. ఆఫీసుల నుంచి వచ్చే డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్‌లు గట్టివే. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కన్నా కిందికి దిగకూడదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది, విండోస్ 11 అధికారికంగా నడిచేది దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. 2018లో వచ్చిన ఐ5-8500లో ఆరు కోర్లున్నాయి, గొంతు రికార్డింగ్‌కి బాగానే పనికొస్తుంది. మెషీన్ ఆన్ చేయించి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద ప్రాసెసర్ పేరు కళ్ళతో చూశాకే డబ్బు ఇవ్వాలి. డబ్బా మీద ఉన్న స్టిక్కర్ ఎవరైనా మార్చగలరు.

ఆపిల్ మాక్ మినీ పేరు కూడా ఈ మధ్య వినిపిస్తోంది. ఎం4 మోడల్ 2024లో 16 జీబీ ర్యామ్‌తో రూ. 59,900కి మొదలైంది. చప్పుడు దాదాపు ఉండదు, గరాజ్‌బ్యాండ్ ఉచితం. మానిటర్, కీబోర్డు విడిగా కొనాలి, ర్యామ్ తర్వాత పెంచుకునే వీలు లేదు. ఈ రెండూ సరే అనుకుంటే మంచి ఎంపికే.

డెస్క్‌టాప్‌కి 50 వేల బడ్జెట్ ఉంటే ప్రాసెసర్‌కి పావు వంతు దాటనివ్వకూడదు. ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 500 జీబీ తప్పనిసరి. గ్రాఫిక్స్ కార్డు మానేసిన డబ్బుతో ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, సరైన మైకు వస్తాయి. వినేవాళ్ళకి తేడా తెలిసేది వాటి వల్లే. సాఫ్ట్‌వేర్‌కి తొందరేం లేదు. ఆడాసిటీ ఉచితం. రీపర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూసి, నచ్చితే వ్యక్తిగత వాడకానికి 60 డాలర్ల లైసెన్స్ కొనుక్కోవచ్చు.

అంతా కొన్నాక కూడా చిటపట వస్తే వెంటనే ప్రాసెసర్‌ని తిట్టకండి. వైఫై ఆపి చూడండి, చాలాసార్లు దోషం దాని డ్రైవర్‌ది. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం నడిపితే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూపిస్తుంది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, పవర్ సెట్టింగ్ పెర్ఫార్మెన్స్‌లో ఉంచి రికార్డ్ చేయాలి.

బిల్లు దగ్గర ఒక్క జాగ్రత్త. ప్రాసెసర్‌ని సీల్ ఉన్న బాక్స్‌లోనే తీసుకోవాలి. బాక్స్ పీస్‌కి కంపెనీ వారంటీ మూడేళ్ళు. ట్రే పీస్ అని విడిగా ఇచ్చేది కాస్త తక్కువకి వస్తుంది, కానీ దాని వారంటీ అమ్మినవాడి మాట మీదే. "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అంటే 18 శాతం జీఎస్టీ మిగిలిందని సంతోషపడేరు. రెండో ఏడాది బోర్డు పోతే సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది ఆ బిల్లే.