ఉక్కపోతల కుండల నీళ్లు

మొన్న జులైలో నావల్ల ఒక తప్పుడు సమాచారం పదిమందికి చేరింది. అదీ మంచి చేద్దామనే ఉద్దేశంతోనే. యూనివర్సిటీ పాడ్‌కాస్టులు తెగ వినే నాలాంటివాడు చెయ్యకూడని పొరపాటు. ఆ కథ చెప్పాలంటే ముందు పాడ్‌కాస్టుల దగ్గర్నుంచి మొదలెట్టాలి.

నేను దోహా మెట్రో గ్రీన్ లైన్‌లో ఆఫీసుకి వెళ్తాను. ముషైరిబ్‌లో ఎక్కి కూర్చుంటే చెవుల్లో ఎవరో ఒక ప్రొఫెసర్ మాట్లాడుతూ ఉంటాడు. పాడ్‌కాస్టింగ్ అనే మాట పుట్టింది 2004లో, బెన్ హామర్స్‌లీ గార్డియన్ పత్రికలో రాసిన వ్యాసంలో. విశ్వవిద్యాలయాలు ఈ దారి పట్టడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆక్స్‌ఫర్డ్ 2008లో తన ఉపన్యాసాల్ని ఐట్యూన్స్‌లో ఉచితంగా పెట్టింది. అంతకు ఏడాది ముందే మార్షల్ పో అనే చరిత్రకారుడు, కొత్త పుస్తకాలు రాసిన పరిశోధకులతో మాట్లాడి వినిపించడం మొదలెట్టాడు. ఆ ఒక్క కార్యక్రమమే ఇవాళ న్యూ బుక్స్ నెట్‌వర్క్ అనే మహావృక్షం అయింది. పీటర్ ఆడమ్సన్ 2010లో లండన్ కింగ్స్ కాలేజీలో ఉండగా తత్వశాస్త్ర చరిత్రను ఎక్కడా ఖాళీ వదలకుండా చెప్తానని కూర్చున్నాడు. తర్వాత మ్యూనిక్ వెళ్లినా ఆపలేదు. 2015 నుంచి జొనార్డన్ గనేరితో కలిసి భారతీయ తత్వం కూడా చెప్పాడు. కాలేజీ టూరులో నాగార్జునకొండకి వెళ్లి, లాంచీ దగ్గర ఫోటోలు దిగి, పులిహోర తిని వచ్చినవాణ్ణి నేను. ఆ నాగార్జునుడు ఏం చెప్పాడో మొదటిసారి నాకు అర్థమయ్యేలా చెప్పింది ఈ పాడ్‌కాస్టే. కొంచెం సిగ్గుగానే ఉంది ఈ మాట ఒప్పుకోవడానికి.

పరిశోధనా వ్యాసం ఎలా ఉంటుందో ఎప్పుడైనా తెరిచి చూసినవాళ్లకి తెలుసు. ముందు డబ్బు కట్టమంటుంది. కట్టి లోపలికి వెళ్తే మొదటి పేరాలోనే మనం పరాయివాళ్లమని అర్థమవుతుంది. అదే మనిషి మైకు ముందు కూర్చుంటే, పక్కన ఒకరు "అంటే ఏమిటండీ?" అని అడిగేవాళ్లుంటే, వేరేలా మాట్లాడతాడు. ఎందుకు ఈ పని మొదలెట్టాడో చెప్తాడు, ఎక్కడ తడబడ్డాడో కూడా చెప్తాడు. నాకు నచ్చేది అదే.

ఖతర్‌లో ఉన్నవాడికి ఈ అదృష్టం ఇంకో రకంగా కూడా దగ్గర. గ్రీన్ లైన్ చివర్లో ఎడ్యుకేషన్ సిటీ ఉంది. కార్నెగీ మెలన్, నార్త్‌వెస్టర్న్ లాంటి అమెరికా యూనివర్సిటీల శాఖలు అక్కడున్నాయి. జార్జ్‌టౌన్ 2005లో వచ్చింది. దానిలోని సీఐఆర్ఎస్ అనే పరిశోధన కేంద్రం గల్ఫ్ వలసల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. 2012లో మెహ్రాన్ కమ్రవా, జహ్రా బాబర్ సంపాదకత్వంలో గల్ఫ్ వలస కార్మికుల మీద ఒక పుస్తకం వచ్చింది. ఈ కేంద్రం వాళ్లు ఉపన్యాసాలు పెడతారు, రికార్డు చేసి వినిపిస్తారు, సారాంశాలు అరబిక్‌లో కూడా వేస్తారు. వలస కార్మికులంటే ఎవరు? నేపాల్, బంగ్లాదేశ్, కేరళ వాళ్లతోపాటు మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లే కదా. అంటే మన గురించిన పరిశోధన ఇంగ్లీషులో వినొచ్చు, అరబిక్‌లో చదవొచ్చు.

ఇక అసలు కథ. మా మండలం అన్న ఒకాయన సనయ్యలో, అదే ఇండస్ట్రియల్ ఏరియాలో, క్యాంపులో ఉంటాడు. పదకొండేళ్లుగా స్కఫోల్డింగ్ పని. నెలకో శుక్రవారం కలుస్తాం. ఒకసారి నేను న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ నటాషా ఇస్కందర్ గురించి చెప్పాను. ఖతర్ నిర్మాణ కార్మికుల మీద ఆవిడ రాసిన పుస్తకం 2021లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. దాని మీద ఒక సంభాషణ విన్నాను. 'అన్‌స్కిల్డ్' అనే ముద్ర మనిషికి పని వచ్చా రాదా అన్నదాన్ని బట్టి పడేది కాదనీ, ఆ ముద్రతో ఆ మనిషి హక్కులే తగ్గిపోతాయనీ ఆవిడ వాదన. సైటులో వీళ్లు ఎంత కష్టమైన పనులు నేర్చుకుంటున్నారో దగ్గరుండి చూసి రాసింది.

అన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నేనచ్చినప్పుడు కాయితం మీద లేబర్ అనే ఉండె తమ్మీ. ఇప్పటికీ గదే ఉంది. ముప్పై మీటర్ల ఎత్తుల నేను కట్టినదాని మీద ఇంజనీర్లు నిలవడి ఫోటోలు దిగుతరు." మళ్లీ ఆయనే అడిగాడు: "ఆ మేడం చెప్పింది మనోళ్ల భాషల లేదా?"

లేదన్నాను. "మరి నువ్వు చెప్పరాదు?"

అలా మొదలైంది నా వాయిస్ మెసేజ్‌ల వ్యవహారం. ఏదైనా ఒక ఎపిసోడ్ వినడం, ఆరేడు నిమిషాల్లో తెలుగులో చెప్పి అన్నకి వాట్సాప్‌లో పంపడం. ఆయన తన గదిలోవాళ్లకి వినిపిస్తాడు. రెండు మూడు బాగానే వెళ్లాయి. నాలుగోది ఎండ గురించి.

ఆ పరిశోధన సంగతి ముందు సరిగ్గా చెప్తాను. ఖతర్‌లో 2007 నుంచి ఎండాకాలం మధ్యాహ్నం బయట పని నిషేధం ఉంది. జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకా, పదకొండున్నర నుంచి మూడు వరకు. 2019 వేసవిలో గ్రీసులోని థెస్సలీ యూనివర్సిటీ పరిశోధకులు అంతర్జాతీయ కార్మిక సంస్థతో, ఇక్కడి కార్మిక మంత్రిత్వ శాఖతో కలిసి పనిచోట్లకి వెళ్లి, పనిచేస్తున్నవాళ్ల ఒంట్లో వేడి ఎలా పెరుగుతోందో కొలిచారు. అదే సంవత్సరం ఇంకో అధ్యయనం ఒక వైద్య పత్రికలో వచ్చింది. 2009 నుంచి 2017 మధ్య ఖతర్‌లో చనిపోయిన 1,300 మందికి పైగా నేపాలీ కార్మికుల లెక్కలు తీసి, గుండె సంబంధమైన మరణాలకీ వేడికీ సంబంధం ఉందని చూపించింది. 2021లో నిబంధన మారింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, పొద్దున పది నుంచి మూడున్నర వరకు బయట పని లేదు. దాంతోపాటు ఇంకో మాట చేర్చారు: వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ 32.1 డిగ్రీలు దాటితే ఏ గంటలోనైనా పని ఆపాలి. వేడి వల్ల తన ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పు ఉందని సహేతుకంగా అనిపిస్తే కార్మికుడే పని ఆపి మంత్రిత్వ శాఖకి ఫిర్యాదు చేయొచ్చు కూడా.

ఇంత సంగతిని నేను ఆరు నిమిషాల్లోకి కుదించాను. మెట్రో దిగి నడుస్తూ రికార్డు చేశాను. 'వెట్ బల్బ్ గ్లోబ్' అన్నదానికి తెలుగు తోచక, తర్వాత చెప్దాంలే అనుకుని, "32 డిగ్రీలు దాటితే పని ఆపాలని చట్టం అన్నా" అనేశాను.

ఖతర్‌లో ఒక్కరోజైనా ఉన్నవాళ్లకి ఆ మాట ఎంత హాస్యాస్పదమో తెలుస్తుంది. వేసవిలో తెల్లవారుజామున కూడా 32 ఉంటుంది. అన్న నవ్వి ఊరుకున్నాడు కానీ, ఆ మెసేజ్ ఆయన గది దాటి క్యాంపు గ్రూపులోకి పోయింది. ఒక కుర్రాడు, వచ్చి ఏడాది కూడా కాలేదు, పొద్దున ఏడింటికి ఫోనులో వాతావరణం చూపించి "37 ఉంది, పని ఆపాలంట" అని ఫోర్‌మన్‌ని అడిగాడు. ఫోర్‌మన్ పదిమంది ముందు నవ్వాడు. ఏ చట్టంలో ఉందో చూపించమన్నాడు. కుర్రాడి దగ్గర ఉన్నది నా గొంతు ఒక్కటే.

ఉద్యోగం పోలేదు, అంతవరకు నయం. కానీ ఆ కుర్రాడు ఇక మళ్లీ ఏదీ అడగడు. నిజంగా అడగాల్సిన రోజున కూడా అడగడేమోనని నా భయం. పరిశోధకుడు పొరపాటు చేస్తే దిద్దడానికి తోటి పరిశోధకులుంటారు. నేను చేసిన పొరపాటు కుర్రాడి నెత్తిన పడింది.

ఆ శుక్రవారం సనయ్యకి వెళ్లి కూర్చున్నాను. అందరికీ సారీ చెప్పి, కాగితం మీద బొమ్మ వేసి మళ్లీ మొదలెట్టాను. మామూలు థర్మామీటర్ గాలి వేడిని చెప్తుంది. దాని కొనకి తడిబట్ట చుడితే వేరే అంకె వస్తుంది. ఎండలో పెట్టిన నల్లటి గోళంలో ఉన్నది ఇంకో అంకె ఇస్తుంది. మూడూ కలిపి తీసే లెక్కే ఇది. అందులో పదింట ఏడు వంతులు తడిబట్ట థర్మామీటర్‌దే, రెండు వంతులు గోళానిది, ఒక వంతు మాత్రమే మామూలు దానిది. అందుకే 40 డిగ్రీల పొడి ఎండలో ఈ లెక్క 32 దాటకపోవచ్చు, 36 డిగ్రీల ఉక్కలో దాటొచ్చు.

నలుగురూ తలలు ఊపారు. అర్థం కాలేదని ఆ ఊపడంలోనే తెలుస్తోంది. తడిబట్టకి అంత బరువెందుకని నేను 'ఎవాపరేషన్' అనబోతుంటే అన్న అడ్డుకున్నాడు.

"గింతేనా? కుండ ముచ్చటే గదా. ఎండకాలం కుండకు తడిగుడ్డ సుడితే నీళ్లు సల్లగైతయి. గదే వానలు పడే ముందట ఉక్కపోతల కుండల నీళ్లు సల్లగ గావు. మన పెయ్యి గూడ కుండనే. చెమట ఆరకపోతే లోపల సల్లగ గాదు."

అందరికీ అర్థమైంది. నిజానికి నాక్కూడా అప్పుడే సరిగ్గా అర్థమైంది. ఇంజనీరింగ్‌లో థర్మోడైనమిక్స్ పాసైనవాణ్ణి. ఆ కుర్రాడు ఒక ప్రశ్న అడిగాడు: "మరి ఆ గోళం మా సైటుల ఉంటదా?" అసలు ప్రశ్న అదే. అంకె తెలిసినంత మాత్రాన సరిపోదు, కొలిచే పరికరం ఎక్కడుందో, ఎవరు చూస్తున్నారో తెలియాలి. అడిగే ధైర్యం ఆ తర్వాతి సంగతి. ఈ మూడింటిలో పాడ్‌కాస్ట్ ఇవ్వగలిగింది మొదటిది మాత్రమే. కానీ మొదటిది లేకుండా రెండో ప్రశ్న పుట్టదు.

చెవితో నేర్చుకోవడం మనకేమీ కొత్త కాదు. న్యాయపతి రాఘవరావు రేడియో అన్నయ్యగా పిల్లలకి ఏం నేర్పారో మన తాతల తరానికి తెలుసు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పెట్టారు, దాని పాఠాలు రేడియోలో వచ్చేవి. 2004లో చెన్నైలో అన్నా యూనివర్సిటీ క్యాంపస్ రేడియో మొదలెట్టింది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో వచ్చింది. నడిపింది దళిత మహిళలు, మాట్లాడింది వాళ్ల విత్తనాల గురించి, వాళ్ల పంటల గురించి, వాళ్ల యాసలోనే. ఇప్పుడు హర్షణీయం లాంటి పాడ్‌కాస్టులు, కిరణ్ ప్రభ గారి టాక్ షోలు తెలుగు సాహిత్యాన్ని ప్రపంచమంతా వినిపిస్తున్నాయి. నేనూ వింటాను. సాహిత్యానికి జరిగిన ఈ మేలు వలసకి, ఆరోగ్యానికి, నీళ్లకి, నేలకి సంబంధించిన పరిశోధనలకి కూడా జరగాలని నా ఆశ.

అందుకే ఈ పోస్టు. ఇది చదివేవాళ్లలో ఎక్కడెక్కడో పీహెచ్‌డీలు చేస్తున్నవాళ్లు ఉన్నారని తెలుసు. మీ పని గురించి పది నిమిషాలు తెలుగులో మాట్లాడి రికార్డు చేయండి. మైకు అక్కర్లేదు, ఫోను చాలు. కానీ బయటికి పంపేముందు, మీ పరిశోధన ఎవరి గురించో వాళ్లలో ఒకరికి వినిపించండి. మీకు మాట దొరకని చోట వాళ్ల దగ్గర ఉంటుంది. నేనూ అన్నకి వినిపించకుండా ఇప్పుడు ఏదీ పంపడం లేదు.

ఎండ గురించిన మెసేజ్ మళ్లీ రికార్డు చేశాం, ఈసారి ఇద్దరం కలిసి. తొమ్మిది నిమిషాలు వచ్చింది. కుండ ముచ్చట అన్నే చెప్పాడు. 32.1 అన్న అంకె, ఏ లెక్కలో 32.1 అన్నది, ఫోనులో కనిపించే అంకె అది కాదన్నది మూడుసార్లు చెప్పాం. గ్రూపులో పెట్టాక మొదటి జవాబు ఆ కుర్రాడిదే వచ్చింది.

"గిది ముందుగాల చెప్తే అయిపోవు గద అన్నా."

నిజమే.