ఉగాదికి శరదృతువు వచ్చే దేశం

పిల్లలూ! ఈ నెల ఒక చిన్న దేశం చూసివద్దాం. టిక్కెట్టు అక్కరలేదు, మీ బడిలోని గ్లోబు చాలు.

ముందు గ్లోబు మీద హైదరాబాదు చుక్కను పట్టుకోండి. మేడ్చల్, శామీర్‌పేట పేర్లు గ్లోబు మీద ఉండవు. ఆ చుక్కకు ఉత్తరపు అంచున మనం ఉన్నామనుకోండి. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17 డిగ్రీల మీద ఉన్నాం. ఇప్పుడు వేలును కిందికి జరపండి. సముద్రంలో దిగి, భూమధ్యరేఖ దాటి, దక్షిణాన 20 డిగ్రీల దాకా వెళ్ళండి. అక్కడినుంచి పడమరకు తిరగండి. మడగాస్కరు చేరకముందే ఒక చిన్న చుక్క తగులుతుంది. అదే మారిషస్.

ఆ దేశం మొత్తం వైశాల్యం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు. మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వైశాల్యం 1,084 చదరపు కిలోమీటర్లు. కాని 2011 జనాభా లెక్కల నాటికే ఇక్కడ 24 లక్షల మంది ఉన్నారు. అంటే ఆ దేశం నేలలో మన జిల్లాకు దాదాపు రెండింతలు, జనంలో సగం! రాజధాని పేరు పోర్ట్ లూయీ.

తలకిందులైన ఋతువులు

మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. తెలుగువాళ్ళు అక్కడ కూడా పండుగ చేసుకుంటారు. కాని ఒక చమత్కారం ఉంది. ఉగాది మనకు వసంతం తెస్తుంది గదా! అక్కడ మాత్రం అది శరదృతువులో వస్తుంది. ఎందుకు?

భూమి తన అక్షం మీద 23½ డిగ్రీలు వాలి సూర్యుని చుట్టూ తిరుగుతున్నది. ఉత్తరార్ధం సూర్యుని వైపు వాలి ఉన్నప్పుడు మనకు ఎండాకాలం. అప్పుడు దక్షిణార్ధం అవతలికి వాలి ఉంటుంది గనుక వాళ్ళకు చలికాలం. మనం దుప్పటి కప్పుకునే జనవరిలో వాళ్ళకు ఎండలు, వానలు, తుపానులు. తుపానులు కూడా మనకు వ్యతిరేకమే. బంగాళాఖాతపు తుపాను గడియారపు ముల్లుకు ఎదురు దిక్కున సుడి తిరుగుతుంది. మారిషస్ తుపాను ముల్లు తిరిగే దిక్కునే తిరుగుతుంది. భూభ్రమణం వల్ల గాలులు ఉత్తరార్ధంలో కుడికీ, దక్షిణార్ధంలో ఎడమకూ మళ్ళడమే దీనికి కారణం. 1960లో కెరోల్ అనే తుపాను అక్కడి ఇళ్ళను వేలకు వేలు నేలమట్టం చేసింది. ఆ తరువాత జనం కాంక్రీటు ఇళ్ళు కట్టుకోసాగారు.

రాళ్ళ చుట్టరికం

శామీర్‌పేట చుట్టుపక్కల గుండ్రాళ్ళను చూశారు గదా! అది గ్రానైటు, సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. మారిషస్ దాని ముందు పసిపాప. సుమారు 80 లక్షల సంవత్సరాల క్రితం సముద్రగర్భంలోని అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి ఆ దీవి ఏర్పడింది. అక్కడి రాయి నల్లని బసాల్టు.

అదే జాతి నల్లరాయి మనకు పడమటనున్న వికారాబాదు జిల్లాలో కూడా ఉన్నది. ఇది కాకతాళీయం కాదు. ఒక దీపం మీదుగా కాగితాన్ని మెల్లగా లాగుతున్నామని ఊహించుకోండి (ఇంట్లో చేయకండి సుమా!). దీపం ఉన్నచోటే ఉంటుంది, కాగితం మీద మాత్రం మసి చార సాగిపోతుంది. భూగర్భంలో అలాంటి దీపం ఒకటి ఉన్నది. 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం మన దేశపు పలక దాని మీదుగా జరుగుతున్నప్పుడు దక్కను పీఠభూమి మీద లావా పరచుకున్నది. పలక ఉత్తరానికి కదిలిపోయింది. దీపం మాత్రం అక్కడే మండుతూ మాల్దీవులకు పునాది వేసింది, తరువాత మారిషస్‌ను నిర్మించింది. నేడు పక్కనున్న రీయూనియన్ దీవిలో లావా చిమ్ముతున్నది. అంటే వికారాబాదు నల్లరాయి, మారిషస్ నల్లరాయి ఒకే పొయ్యి మీద వండినవే!

సొంతవాళ్ళు లేని దేశం

మారిషస్‌కు ఆదివాసులు లేరు. 1598లో డచ్చివారు దిగేనాటికి అక్కడ మనుషులు కాపురం ఉండలేదు. ఎగరలేని డోడో పక్షి ఉండేది. మనుషులు, వాళ్ళ వెంట వచ్చిన ఎలుకలు, పందులు, కోతుల ధాటికి వంద సంవత్సరాలైనా గడవకముందే అది అంతరించిపోయింది. తరువాత వచ్చిన ఫ్రెంచివారు ఆఫ్రికా నుంచి, మడగాస్కరు నుంచి బానిసలను తెచ్చి చెరుకు సాగు చేయించారు. 1810లో దీవి ఆంగ్లేయుల వశమైంది. 1835లో బానిసత్వం రద్దయింది. మరి చెరుకు ఎవరు నరకాలి?

అందుకు మన దేశం నుంచి కూలీలను ఒప్పందం మీద ఓడలెక్కించారు. 1834లో మొదలై సుమారు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారు. ఎక్కువమంది బీహారు ప్రాంతపు భోజ్‌పురి వాళ్ళు. తమిళులు, మరాఠీలు కూడా ఉన్నారు. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి తెలుగువాళ్ళు వెళ్ళారు. పోర్ట్ లూయీలో వాళ్ళు ఓడ దిగి ఎక్కిన రాతిమెట్లు నేటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అనే ఆ చోటును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. చెరుకు తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. నేలను సాగుకు తెచ్చేందుకు కూలీలు చేతులతో ఏరి పోసిన రాళ్ళవి.

పరిపాలన, దైనందిన జీవితం

మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమైంది. గాంధీజీ దండియాత్ర మొదలుపెట్టిన తేదీ అదే. 1992లో గణతంత్రమైంది. మనకు లాగే రాష్ట్రపతి, ప్రధానమంత్రి ఉంటారు. శాసనసభకు 62 మందిని ఓటర్లు ఎన్నుకుంటారు. ఏ వర్గానికైనా తగినన్ని స్థానాలు రాకపోతే, ఓడిన అభ్యర్థులలోనుంచే ఎనిమిది మంది దాకా సభలో చేర్చుకునే వీలున్నది. 2015లో రాష్ట్రపతి అయిన అమీనా గురీబ్-ఫకీం ఔషధ మొక్కలపై పరిశోధించిన శాస్త్రవేత్త. ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే.

అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక. మీ బడి గంట తొమ్మిదికి మోగితే, అక్కడి పిల్లలకు అప్పుడు ఏడున్నర. వాళ్ళు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు. పాఠాలు ఇంగ్లీషులో, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో. బడిలో కోరుకున్నవారికి హిందీ, తమిళం, తెలుగు వంటి భాషలు కూడా నేర్పుతారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. భోజనంలో అన్నం ఉంటుంది గాని బియ్యం పరదేశాల నుంచి రావలసిందే. వీధిలో ఎక్కువగా అమ్ముడయ్యేది పప్పు కూరిన రొట్టె, ధోల్ పూరి. దాన్ని అన్ని మతాలవాళ్ళూ తింటారు. పంచదార, బట్టల మిల్లులు, పర్యాటకం, బ్యాంకు వ్యాపారం దేశానికి ఆదాయ మార్గాలు. చెరుకు పిప్పిని కాల్చి కరెంటు కూడా తీస్తారు.

2020 జులైలో ఒక పెద్ద ఓడ పగడపు దిబ్బకు కొట్టుకొని చిక్కుకున్నది. ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలోకి కారింది. అప్పుడు అన్ని భాషలవాళ్ళూ ఒడ్డుకు పరుగెత్తి, ఎండిన చెరకు ఆకును సంచుల్లో కుక్కి, పొడవాటి తెప్పలుగా కుట్టి నీటిపై పరచి, నూనెను అడ్డుకున్నారు. ఒకప్పుడు తాతలు వంగి నరికిన చెరుకే అది!

ఇక మన ఊరు

ఈ పాఠం చెప్పినప్పుడు మా తరగతిలో చివరి బెంచీ పిల్లవాడు లేచి నిలబడ్డాడు. మేడ్చల్ దగ్గర పనికి బీహారు నుంచి వచ్చిన కుటుంబం. అంతవరకు తరగతిలో నోరు విప్పినవాడు కాదు. "సార్, అక్కడ కూడా మా మాటేనా?" అన్నాడు. అవునన్నాను. ఆ రోజు గ్లోబు మీద మారిషస్‌ను అందరికీ అతడే చూపించాడు.

మన ఫ్యాక్టరీలకు, ఇటుక బట్టీలకు ఒడిశా, బీహారు నుంచి ఎందరో వస్తున్నారు. మీ తరగతిలో అలాంటి స్నేహితుడుంటే, ఈ నెల ఒక పని చేయండి. నీళ్ళు, అన్నం, అమ్మ, చుక్క, రాయి – ఈ ఐదింటిని అతని భాషలో ఏమంటారో అడిగి రాసుకోండి. మీ మాటలు అతనికి నేర్పండి. తరువాత ఇద్దరూ కలిసి గ్లోబు తిప్పండి.