మాటరాని బాధకు రంగుల భాష

దేహమునకు జ్వరము వచ్చినచో దానిని కొలుచుటకు సాధనము కలదు. మనోబాధను తెలుపుటకు సామాన్యముగ మాటయే సాధనము. ఆ మాటయే రానిచో నేమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానముగ పుట్టిన విధానములలో చిత్రకళాచికిత్స యొకటి. దానినిగూర్చి చదువరులకు కొంత విన్నవింపదలచితిమి.

ఇంగ్లండు దేశమున ఏడ్రియన్ హిల్ అను చిత్రకారుడు 1938వ సంవత్సరమున క్షయరోగపీడితుడై ఆరోగ్యాశ్రమమున చేరెను. మంచముపైనుండియే తన చుట్టునున్న వస్తువులను చిత్రించుచు, అందువలన మనస్సు కుదుటపడుట గ్రహించి, తోడిరోగులనుగూడ నందుకు ప్రోత్సహించెను. 1942లో ఈ పద్ధతికి చిత్రకళాచికిత్స యని పేరుపెట్టినవా డాతడే. 1946లో ఎడ్వర్డ్ ఆడమ్సన్ అను మరియొక చిత్రకారుడు సర్రే మండలములోని నెదర్న్ మానసిక వైద్యశాలలో పనికి కుదిరెను. రోగులకు కాగితమును, రంగులను అమర్చి, వారు గీసినదానికి తప్పుపట్టక, అర్థము చెప్పబూనక, ప్రక్కన నుండుటయే యాతని పద్ధతి. 1964లో బ్రిటిష్ చిత్రకళాచికిత్సకుల సంఘ మేర్పడినది.

ఈ విద్య నభ్యసించువారు మూడు సంగతులు ముఖ్యముగ నేర్వవలెను.

మొదటిది, అందరికిని చోటు కల్పించుట. "నాకు బొమ్మలు రావు, ఇది పిల్లల యాట" యని పెద్దవారు వెనుదీయుట సహజము. వారిని బలవంతపెట్టరాదు. ఇది చిత్రలేఖనపు తరగతి కాదు. బొమ్మ బాగుండవలెనను నియమము లేదు. చూపు మందగించినవారికి మట్టిముద్దయో, చేతికి తగులు గుడ్డపీలికలో ఈయవచ్చును. చేయి వణకువారు పాతపత్రికలలోని బొమ్మల నేరి అంటింపవచ్చును. అక్షరము రానివారికిని, అన్యభాషవారికిని ఈ మార్గము తెరచియే యుండును.

రెండవది, తొందరపడి తీర్పు చెప్పకుండుట. నలుపు కనబడినంతనే శోకమని నిశ్చయింపరాదు. ఒకనికది శోకమైన, మరియొకనికి తొలకరిమేఘము, రైతునకు నల్లరేగడి. గీసినవారినే యడిగి, వారు చెప్పినది వినవలెను.

మూడవది, రహస్యమును కాపాడుట. ప్రాణాపాయము తోచినప్పుడు తప్ప, అచ్చట విన్నది బయట చెప్పరాదు. అభ్యాసకుడు తన సందేహములను అనుభవజ్ఞుడైన గురువునకు మాత్రము నివేదించి సరిదిద్దుకొనవలెను. మందు కావలసినవారిని వైద్యునొద్దకు పంపుటయు నాతని ధర్మమే.

మన యిండ్లలో పెద్దలు దుఃఖమును దిగమ్రింగుటయే ధైర్యమని తలచుచుందురు. తండ్రి మౌనమును కోపమనియు, తల్లి నీరసమును బద్ధకమనియు బిడ్డలు పొరబడుటయు కలదు. అట్టివారి ప్రక్కన కూర్చుండి ఓపికతో వినుట కేపాటి చదువైనను చాలును. అంతకు మించిన సహాయము కావలసినచో, 2022లో మన ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్య ద్వారా ఫోనుచేసి, తెలుగుననే మాటలాడవచ్చును. సహాయ మడుగుట సిగ్గుపడవలసిన పని కాదని చిన్నలును పెద్దలును గ్రహింతురుగాక యని కోరుచున్నాము.