మిషను ఆపాలా, నడపాలా? పసిబిడ్డ తరఫున ఎవరు చెప్పాలి?

పరేల్‌లో వాడియా పిల్లల ఆస్పత్రి 1929 నుంచి ఉంది. మన మిల్లు కుటుంబాల పిల్లలు ఎందరో అక్కడ బాగుపడి ఇంటికొచ్చారు. వెంటిలేటర్ అంటే ఊపిరి అందించే మిషను. న్యుమోనియా లాంటి జబ్బులో కొన్నాళ్లు అది పెడితే బిడ్డ కోలుకోవచ్చు. కాబట్టి దాని పేరు వింటేనే భయపడొద్దు.

కానీ జబ్బే నయం కానిదైతే? పోగు తెగినా సాంచ కాసేపు తిరుగుతూనే ఉంటుంది, బట్ట మాత్రం రాదు. మిషను నడుస్తున్నంత మాత్రాన బిడ్డ బాగుపడుతున్నట్టు కాదు.

ఈ బాధ ఒక్క మనదే కాదు. లండన్‌లో చార్లీ గార్డ్ అనే బాబు 2016 ఆగస్టులో పుట్టాడు. పుట్టుకతో వచ్చిన అరుదైన జబ్బు. కొన్ని నెలలకే వెంటిలేటర్ పెట్టారు. అమెరికా తీసుకెళ్లి వైద్యం చేయిస్తామని అమ్మానాన్న పట్టుబట్టారు. జనం చందాలు కూడా ఇచ్చారు. ఇంకా సాగదీస్తే బాబుకు మేలు లేదని డాక్టర్లన్నారు. కోర్టులు డాక్టర్ల మాటే ఒప్పుకున్నాయి. 2017 జులై 28న, మొదటి పుట్టినరోజుకు వారం ముందు, బాబు పోయాడు. ప్రేమ తల్లిదండ్రులకు తక్కువ కాలేదు, డాక్టర్లకూ పగ లేదు. బిడ్డకు ఏది మేలు అన్నదగ్గరే మాట కలవలేదు.

మన దేశంలో 2018లో సుప్రీం కోర్టు దీనికి దారి చెప్పింది, 2023లో దాన్ని కొంత సులువు చేసింది. బాగయ్యే ఆశ లేనప్పుడు, ముగ్గురేసి డాక్టర్లున్న రెండు బోర్డులు చూసి, ఇంటివాళ్లు ఒప్పుకుంటే మిషను తీయొచ్చు. దొంగచాటు పని అక్కర్లేదు.

మన ఇళ్లల్లో మాత్రం నిర్ణయం రెండే చేస్తున్నాయి: ఒకటి బిల్లు, రెండోది నలుగురి నోరు. డబ్బులైపోతే సంతకం పెట్టి బిడ్డను ఇంటికి తెచ్చేస్తారు. లేదంటే "కన్నవాళ్లే చంపేశారు" అంటారని పుస్తెలు కూడా అమ్మి నడిపిస్తారు. రెండింట్లోనూ బిడ్డ మాట లేదు.

అందుకే డాక్టర్‌ని సూటిగా అడగండి. ఈ జబ్బు తగ్గుతుందా? బిడ్డకు నొప్పి ఉందా? ఇంకెన్నాళ్లు చూడాలి? డబ్బు ఇబ్బంది ఉంటే దాచకుండా ఆస్పత్రి సోషల్ వర్కర్‌కి చెప్పండి. మిషను తీసినా వైద్యం ఆగదు. నొప్పి, ఆయాసం తగ్గించే మందులిస్తారు, దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. తల్లి ఒడిలో పడుకోబెట్టుకోవచ్చు.

ఇక మనం, ఇరుగుపొరుగు వాళ్లం: ఆ అమ్మానాన్న ఏ దారి పట్టినా వేలెత్తి చూపొద్దు. అన్నం క్యారియర్ పట్టుకుని వెళ్దాం, పక్కన కూర్చుందాం.