ఆ రాత్రే వేలూరు ఆసుపత్రికి పునాది

చిత్తూరు నుంచి వేలూరు వెళ్లే బస్సెక్కితే రోగో, రోగి వెంట వెళ్లే బంధువో కనిపించాల్సిందే. సరిహద్దు పల్లెల తెలుగువారికి సీఎంసీ ఆసుపత్రి అంటే అంత ధీమా. దాని పుట్టుక వెనుక ముగ్గురు తల్లుల మరణం ఉంది.

ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో అమెరికా మిషనరీల ఇంట పుట్టారు. ఈ దేశంలో ఉండేది లేదని అనుకున్న అమ్మాయి ఆమె. తల్లికి జబ్బు చేసిందని తిండివనం వచ్చారు. ఓ రాత్రి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు తలుపు తట్టారు. భార్యకు కాన్పు కష్టమైంది, రమ్మని అడిగారు. ఆమెకు వైద్యం రాదు. వైద్యుడైన తండ్రి వస్తానన్నా, పరాయి మగాడు వద్దని వాళ్లు వెనుదిరిగారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ కన్నుమూశారు.

ఐడా అమెరికా వెళ్లి 1899లో డాక్టరయ్యారు. 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. 1902కల్లా అది 40 పడకల ఆసుపత్రి అయింది. 1909లో నర్సులకు, 1918లో మహిళా వైద్యులకు శిక్షణ ప్రారంభించారు. ఆసుపత్రికి రాలేని పేదల కోసం గుడియాత్తం దారిలో చెట్ల కింద బండి ఆపి మందులిచ్చేవారు.

కుష్ఠు రోగులను ఊళ్లు వెలివేసిన రోజుల్లో, 1948లో అక్కడి డాక్టర్ పాల్ బ్రాండ్ వాళ్ల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. బతుకుదెరువుకు పనీ నేర్పించారు.

పెళ్లి చేసుకోకుండా సేవలోనే గడిపిన ఐడా 1960లో కన్నుమూశారు. ఇప్పుడు చిత్తూరు జిల్లాలోనూ సీఎంసీ ప్రాంగణం ఉంది. ఆమె విశ్వాసానికి అర్థం ఒక్కటే: తలుపు తట్టినవారు ఉత్త చేతులతో తిరిగి వెళ్లకూడదు.